నాన్న వైపు అడగలేదు

38 ఏళ్లకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి కళింగపట్నంలో ఎవరం ఆసుపత్రికి పోం. అప్ప ఊరుకోలేదు, శ్రీకాకుళం లాక్కుపోయింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. హార్మోను మందులకు లొంగని రకం, ట్రిపుల్ నెగెటివ్ అన్నారు.

విశాఖలో కీమో. జుట్టు పోయినందుకు ఏడవలేదు గానీ నోటిపుండ్లకు ఏడ్చాను. చేపల వాసనకు కడుపు తిప్పేది. మా ఊళ్లో ఆ వాసన తప్పించుకుని ఎక్కడికి పోతాం? తలుపులేసుకుని మజ్జిగన్నం మింగేదాన్ని.

మొదట చూసిన డాక్టరు, మీ అమ్మ వైపు ఎవరికైనా ఉందా అని అడిగి వదిలేశారు. నాన్న వైపు అడిగింది విశాఖలోనే. అప్పుడు చెప్పాను. ఒక మేనత్త రొమ్ములో పుండుతో పోయింది, ఇంకో మేనత్త కడుపులో గడ్డతో. రక్తం పంపితే బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం తేలింది.

ఆ జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ చూపారు. జన్యువు 1994లో చేతికి చిక్కింది. తెగిన డీఎన్‌ఏను అతికించడం దాని పని. "వల కుట్టే మనిషి లేడన్నమాట" అన్నాడు నాన్న. ఇద్దరుండాలి నాన్నా, అమ్మ ఇచ్చినవాడొకడు, నువ్విచ్చినవాడొకడు, అన్నాను. నువ్విచ్చినవాడికి పని రాదు. ఏదో కణంలో రెండోవాడూ పోతే తెగినవి తెగినట్టే పేరుకుపోతాయి. ఇలాంటి లోపమున్న ఆడవాళ్లలో నూటికి 70 మందికి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వస్తుందని అంచనా. అది మోస్తూనే నాన్న నిక్షేపంగా ఉన్నాడు. ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

అప్ప కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయ్యేదాకా నోరెత్తొద్దన్నాడు బావ. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అప్ప మాత్రం వెళ్లి రక్తమిచ్చింది. ఆమెకు లోపం లేదు, కాబట్టి ఆమె నుంచి పిల్లకూ రాదు. దాచమన్నదంతా దేనికో!

నాకు రెండు రొమ్ములూ తీశారు. అండాశయాలు కూడా తీయించుకుంటున్నాను, వాటిలో క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష లేదు కాబట్టి.

మిగిలింది తమ్ముడు. "మగోణ్ణి, నాకెందుకప్పా" అంటాడు. లోపం వాడికీ వచ్చే అవకాశం సగానికి సగం. ఉంటే వాడి ఇద్దరాడపిల్లలకూ అదే లెక్క. వేట ఉందని తప్పించుకుంటున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడేం చెబుతాడు? విశాఖకు నేనే తీసుకుపోతాను.