సగం చదువుకు లెక్క

డిగ్రీ చదవటానికి ఎంత ఖర్చవుతుందని అడిగితే అందరూ ఫీజు ఎంతో చెబుతారు. ఫీజు అసలు ఖర్చులో చిన్న భాగమని చెప్పటానికి నాకు అర్థశాస్త్రవేత్తల సహాయం అక్కర్లేదు. సికింద్రాబాదులో ఉంటూ, ఒకే డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువునూ రెండుసార్లు చదివినదాన్ని నేను.

1997లో బి.ఏ.లో చేరాను. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం. 1999 వేసవికి రెండేళ్ళ పేపర్లన్నీ పాసయ్యాను. మూడో ఏడు మొదలుకాక ముందే పెళ్ళి చేశారు. ఇందులో విశేషమేమీ లేదు. మా చిలకలగూడ వీధిలోనే నాతోపాటు చదివిన ఆడపిల్లలు మరి నలుగురు ఇదే విధంగా చదువు మానారు. మన కథకులు నిరుద్యోగి అయిన పట్టభద్రుడి మీద కావలసినన్ని కథలు రాశారు గాని, పట్టభద్రుడు కావటానికి ఒక్క ఏడాది తక్కువైన మనిషి మీద రాసినవి నా కంట పడినంతలో బహుతక్కువ. ఆ మనిషికి సంఘంలో ఒక పేరైనా లేదు. దరఖాస్తులో విద్యార్హత అన్న గడిలో "ఇంటర్మీడియెట్" అని రాసి ఊరుకోవాలి. తరువాతి రెండేళ్ళ చదువు ఆ గడిలో పట్టదు.

పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక, వారాసిగూడలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పే పనిలో కుదిరాను. కొన్నాళ్ళకు ఆరో తరగతికి సాంఘికశాస్త్రం కూడా చెప్పమన్నారు. చెప్పాను. ఆ తరగతి టీచరుకిచ్చే జీతం అడిగితే, "నీకు డిగ్రీ లేదు గదమ్మా" అన్నారు. పాఠం చెప్పటానికి అడ్డురాని లోపం జీతమిచ్చేటప్పుడు అడ్డువచ్చింది! బి.ఇడి. చెయ్యాలన్నా ముందు డిగ్రీ ఉండాలి. కనుక 2016లో, పదిహేడేళ్ళ తరువాత, పాత కాగితాలు సంచీలో వేసుకుని బయలుదేరాను.

మార్కుల జాబితాలు నా దగ్గరే ఉన్నవి. టి.సి. మాత్రం కళాశాలలో ఉండిపోయింది. దానికోసం వెళితే, నేను చదవని మూడో ఏటి ఫీజు కట్టి తీసుకుపొమ్మన్నారు. చదవని ఏడాదికి ఫీజు ఉన్నది, చదివిన రెండేళ్ళకు విలువ లేదు. (విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను కళాశాలలు అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లో ప్రకటించింది. అప్పటికి నా పని అయిపోయింది.) అక్కణ్ణించి మరొక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. నా జాబితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. సిలబసు మారిందన్నాడు. పాత పేపరుకు కొత్త పేపరు సమానమని ఎవరో ఒకరు నిర్ణయించాలనీ, ఆ నిర్ణయించేవారు ఎవరో తనకు తెలియదనీ అన్నాడు. "మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరటమే సుఖం, మేడమ్" అన్నాడు. సుఖం ఎవరికో చెప్పలేదు.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. 1893 నుంచీ ఉన్న వర్క్‌షాపు అది. ఆయన ట్రేడ్ టెస్టు పాసై ఫిట్టరు అయినాడు. ఖలాసీగా ఉండి ఫిట్టరు పక్కన నిలబడి నేర్చుకున్నదే ఆయన చదువంతా. ఆ పని వచ్చునా రాదా అని పరీక్షించారు, వచ్చునని తేలాక మెట్టు ఎక్కించారు. మళ్ళీ మొదటి రోజు నుంచీ ఖలాసీగా పనిచేసి రమ్మని ఎవరూ అనలేదు. ఇనుము కోసేవాడికి దక్కిన న్యాయం చరిత్ర చదివినదానికి ఎందుకు దక్కలేదని నేను చాలాసార్లు ఆలోచించాను. రైల్వేకు ఫిట్టరు అవసరం. అవసరమున్నవాడు లెక్క కట్టుకుంటాడు. ఇంజనీరింగులోనూ ఇదే సంగతి. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవాడు ఇసెట్ రాసి తిన్నగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. సాంకేతికుల అవసరం ఉన్నచోట పాత చదువుకు విలువ కట్టటం సాధ్యమే అయింది. బి.ఏ., బి.కాం. మానేసినవాళ్ళ అవసరం ఎవరికీ తట్టలేదు.

చివరకు నేను అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరంలోనే చేరాను. దాన్ని గురించి నాకు మంచిమాటే ఉన్నది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమనే పేరుతో పుట్టినది, దేశంలో మొదటిది. ఇంటర్ లేనివాళ్ళను కూడా అర్హత పరీక్ష పెట్టి ఎన్నో ఏళ్ళు చేర్చుకున్నది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డిగారే తరువాత 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని కూడా నిలబెట్టారు. తెలుగులో అచ్చువేసిన దాని పాఠ్యపుస్తకాలను ఆ విద్యార్థులే గాక, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు కూర్చునేవారు కూడా వెతుక్కుని చదువుతారు. ఫీజు నా బోటిది కట్టుకోగలిగినంతే. ఆదివారం తరగతులలో నా పక్కన ఒక కండక్టరు, ఒక నర్సు, పోలీసు ఉద్యోగం చేసే ఇద్దరు కూర్చునేవారు. వీళ్ళలో సగంమంది నాలాగే ఎక్కడో ఒకచోట సగం చదివి వచ్చినవాళ్ళే. చదివిన పాఠాన్నే మళ్ళీ చదువుతున్నామని మాకందరికీ తెలుసు. ఫ్రెంచి విప్లవం రెండోసారి చదివితే మరికొంత అర్థమైన మాట నిజమే గాని, దానికోసం ఎవరూ రెండేళ్ళ జీవితం ఇయ్యరు.

లెక్క వేసి చూడండి. మొదటి రెండేళ్ళకు కట్టిన ఫీజు పెద్ద మొత్తం కాదు. కాని 2017లో పూర్తి కావలసిన డిగ్రీ 2019లో పూర్తయింది. బి.ఇడి. రెండేళ్ళు వెనక్కు పోయింది. నేను పూర్తి జీతపు టీచరును కావటం రెండేళ్ళు వెనక్కు పోయింది. ఆ రెండేళ్ళూ పూర్తి పని చేసి సగం జీతం తీసుకున్నాను. ఆ తేడా ఎవరి జేబులో మిగిలిందో చెప్పనక్కర్లేదు. చవక డిగ్రీ అని మనమనేదానికి అసలు ధర ఇది. బీదవాడు ధరను కాలంలో చెల్లిస్తాడు.

మార్గం లేకపోలేదు. బ్రిటనులో 1969లో సనదు పొంది 1971లో పాఠాలు మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ మొదటినుంచీ వెనకటి చదువుకు మినహాయింపు ఇచ్చింది. దానికోసం ప్రభుత్వంలో పోరాడిన జెన్నీ లీ బొగ్గుగని కార్మికుడి కూతురు. అమెరికాలో 1901లో జోలియెట్‌లో మొదలైన రెండేళ్ళ కళాశాలలే నేటి కమ్యూనిటీ కాలేజీలు. ఊళ్ళోనే ఉంటూ, పని చేసుకుంటూ రెండేళ్ళు చదివి, మిగతా రెండేళ్ళు విశ్వవిద్యాలయంలో పూర్తి చెయ్యవచ్చు. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. రెండేళ్ళకు 60 యూనిట్లు, అంటే 2,760 డాలర్లు. అయితే అక్కడా స్వర్గమేమీ లేదు. ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ సంస్థ 2017లో వేసిన అంచనా ప్రకారం, 2004-2009 మధ్య కళాశాల మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారు. చదువుకు కొలత కనిపెట్టినంత మాత్రాన ఆ కొలతను అవతలివాడు ఒప్పుకుంటాడని లేదు.

మన దేశంలో ఆ కొలత ఇటీవలే వచ్చింది. తెలంగాణ డిగ్రీ కళాశాలల్లో క్రెడిట్ల పద్ధతి 2016-17 నుంచి మొదలైంది. 2021 జూలైలో యు.జి.సి. "అకడమిక్ బాంక్ ఆఫ్ క్రెడిట్స్" నిబంధనలు తెచ్చింది. ఏడాది చదువుకు 40 క్రెడిట్ల చొప్పున బాంకులో దాచుకుని, మానేసినవాళ్ళు తిరిగివచ్చి వాడుకోవచ్చునన్నారు. బాగుంది. కాని 2021-22కు ముందు చదివినది చెల్లదు. దాచినది కూడా గరిష్ఠంగా ఏడేళ్ళకే చెల్లుతుంది.

ఈ ఏడేళ్ళ గడువు ఎవరిని దృష్టిలో ఉంచుకుని పెట్టారో గాని, ఆడవాళ్ళను మాత్రం కాదు. ఇరవయ్యో ఏట పెళ్ళయిన మనిషికి ఇద్దరు పిల్లలు పుట్టి, రెండోవాడు ఒకటో తరగతిలో పడేటప్పటికి ఎనిమిదేళ్ళో పదేళ్ళో అవుతుంది. చేతికి కాస్త తీరిక దొరికే నాటికి ఖాతా ఖాళీ అవుతుంది. మతిమరుపు సంగతి చెబుతారు. పదేళ్ళ కిందట డిగ్రీ పూర్తిచేసినవాడు మాత్రం ఏమి జ్ఞాపకం పెట్టుకున్నాడు? అతని పట్టా ఏడేళ్ళకు రద్దు కాదే! మూడేళ్ళు చదివినదానికి జీవితాంతం చెల్లుబాటు, రెండేళ్ళు చదివినదానికి ఏడేళ్ళ చెల్లుబాటు. ఇది జ్ఞానాన్ని గురించిన సూత్రం ఎంతమాత్రమూ కాదు.

మన మిత్రులు కొందరు ఈ క్రెడిట్ల వ్యవహారాన్నంతటినీ తిరస్కరిస్తారు. మధ్యలో మానేసినవాడి చేతిలో ఒక సర్టిఫికెట్ పెట్టి, మానెయ్యటాన్నే గౌరవప్రదం చేస్తున్నారని వాళ్ళ విమర్శ. ప్రభుత్వం కళాశాలలకు డబ్బివ్వకుండా తప్పుకునేందుకు ఇదొక దారి అంటారు. ఈ అనుమానం నాకూ ఉన్నది. అయితే, పిల్లలు చదువు మానకుండా చూడాలని ఉపన్యసించేటప్పుడు, ఇదివరకే మానేసినవాళ్ళ మాట ఎవరు ఎత్తుతారు? మా ఆదివారం తరగతిలోని కండక్టరుకు కావలసినది విధాన విమర్శతోపాటు, తన పాత పేపర్లను కొత్త పేపర్లతో పోల్చి చూసే ఒక అధ్యాపకుల సంఘం. ఆ పని అధ్యాపకులే చెయ్యాలి. ఈ పత్రిక చదివేవారిలో అది చెయ్యగలవారు చాలామంది ఉన్నారు.

మా బడిలో ఇరవై ఆరేళ్ళ టీచరు ఒకామె ఉన్నది. 2017లో డిగ్రీలో చేరి, రెండేళ్ళు పాసై, ఇంట్లో జబ్బుల వల్ల 2019లో మానేసింది. ఆమె మార్కుల జాబితా మీద క్రెడిట్లు అచ్చువేసే ఉన్నవి. "అక్కా, ఇవి బాంకులో పడతాయా?" అని అడిగింది. 2021 నిబంధన చదివి వినిపించాను. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో వేరేచోట సంపాదించిన క్రెడిట్లను సిలబసు పోల్చి బదిలీ చేసుకునే ఏర్పాటు ఒకటి ఉన్నది. పోయిన నెల రెండు ఆదివారాలు మోండా మార్కెట్ వెనక ఆమె ఇంట్లో కూర్చుని, పాత సిలబసు కాగితాలు పేపరు పేపరుకూ వరుసగా పేర్చి, జాబితాలకు ధ్రువీకరణ చేయించి దరఖాస్తు పంపాము. జవాబు ఇంకా రాలేదు. రాకపోతే ఏ తేదీలోగా మొదటి సంవత్సరంలో చేరాలో కూడా కనుక్కుని ఉంచుకున్నాము.