అరకు కనుమ – పెట్రోలు లెక్క

ఇంటి పద్దు వ్రాసికొను ఇల్లాలికి బియ్యము కిలో ఎంతయో, ఆ కిలో ఎన్నాళ్లు వచ్చునో, ఈ రెండు లెక్కలును తెలియును. పెట్రోలు విషయమున మాత్రము మనలో పెక్కుమందికి మొదటి లెక్కయే తెలియును. లీటరు ధర పైసలతో సహా చెప్పగలము. ఆ లీటరు మనలను ఎంత దూరము కొనిపోవునో చెప్పలేము. బంకులో 500 రూపాయలకు పోయుమనుట, ముల్లు దిగగానే మరల 500 రూపాయలకు పోయించుట, ఇదియే మన వాడుక. ఇట్లు చేసినంతకాలము ఎంత వ్యయమైనదో తెలియునే గాని, ఎక్కడ, ఏల వ్యయమైనదో తెలియదు. 2025వ సంవత్సరము కార్తిక మాసమున రాజమహేంద్రవరము నుండి అరకులోయకు మేము చేసిన ప్రయాణమున ఈ రెండవ లెక్కను గూడ వెంటబెట్టుకొని పోతిమి. కనుమ దిగునపుడు అది ప్రాణములతో ముడివడిన ప్రశ్న యొకదానికి సమాధాన మిచ్చినది గనుక, సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కొలుచు విధము మిక్కిలి సులభము. నూనె జాడీని మెడ వఱకు నింపి, పది దినములు వాడి, మరల మెడ వఱకు నింపుటకు ఎంత పట్టినదో చూచినచో, ఆ పది దినములలో వాడిన నూనె అంతయే కదా! కారునకును అట్లే. మొదట ట్యాంకు నిండుగా పోయించి, దూరము చూపు మీటరును సున్నకు త్రిప్పవలెను. కొంత ప్రయాణము చేసిన పిదప మరల నిండుగా పోయింపవలెను. రెండవమాఱు పట్టిన లీటర్లే ఖర్చయినవి. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లచే భాగించినచో మైలేజీ వచ్చును. మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చి ఎన్నియో దశాబ్దములైనను ఆ పేరు మాత్రము మన నోట నిలిచినది.

పోయుగొట్టము టక్కుమని తనంత తాను ఆగగానే చాలింపవలెను. రూపాయలు సరిపెట్టుటకై ఆపై మఱికొంత పోయించుట కూడదు. పెట్రోలు వేడికి వ్యాకోచించును. మెడ వఱకు క్రుక్కినచో, ఆవిరిని పట్టి ఉంచు అమరికలోనికి ద్రవము చేరి దానిని పాడుచేయును. పోయుటకు ముందు యంత్రముపై సున్న చూచుకొనుట ఎట్లును మఱవరాదు. కొలతపై సందేహము కలిగినచో బంకులో ఉండు ఐదు లీటర్ల ముద్రపాత్రతో కొలిచి చూపుమని అడుగుటకు ప్రతివారికిని హక్కు కలదు.

తెలతెలవాఱుచుండగా రాజమహేంద్రవరమున ట్యాంకు నింపించి బయలుదేరితిమి. మా మఱది బండి నడుపుచుండెను. జగ్గంపేట దాటి, అన్నవరమున రత్నగిరికి క్రిందినుండియే నమస్కరించి, తుని మీదుగా అనకాపల్లి చేరితిమి. అచటినుండి సబ్బవరము, కొత్తవలసల మీదుగా శృంగవరపుకోట చేరునప్పటికి 216 కిలోమీటర్లు అయినవి. కొండ నెక్కుటకు ముందు అచటి బంకులో మరల నింపించితిమి. 11.4 లీటర్లు పట్టినవి. అనగా లీటరునకు ఇంచుమించు 19 కిలోమీటర్లు. దారిపొడవునను వేగము గంటకు 80 కిలోమీటర్లు మించకుండ చూచుకొంటిమి. గాలి అడ్డుదల వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 80 వేగము 100 అయినచో వేగము నాలుగవ వంతే పెరుగును గాని గాలి అడ్డుదల సగమునకు మించి పెరుగును. ఎదురుగాలిలో గొడుగు పట్టి నడచినవారికి ఈ సూత్రము వేఱుగా చెప్పనక్కఱలేదు.

శృంగవరపుకోట దాటిన కొంతసేపటికి కనుమ మొదలగును. ఒక ప్రక్క కొండగోడ, వేఱొకప్రక్క లోయ. నడుమ పాము మెలికల వంటి త్రోవ. దూరమున కొత్తవలస–కిరండూలు రైలుమార్గము సొరంగములలో దూఱుచు, వెలువడుచు కనబడును. అనంతగిరి ప్రాంతమున వెండి ఓకు చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకొన్న మిరియపు తీగలు. పైకి పోయిన కొలది గాలి చల్లబడెను. లోయ చేరునప్పటికి పొలముల నిండ వలిసె పూలు పసుపు ఆరబోసినట్లు కనుల కగపడెను.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. అచటి బంకులో చదునైన చోట నిలిపి నింపింపగా, 64 కిలోమీటర్లకు 5 లీటర్లు పట్టినవి. మైదానమున 19 ఇచ్చిన బండి కొండపై 12.8 మాత్రమే ఇచ్చినది. ఇందు బంకువాని దోషము గాని, బండి దోషము గాని లేదు. మనుష్యులతో, సామానుతో కలిపి 1,250 కిలోల బరువును 850 మీటర్ల ఎత్తునకు మోసికొనిపోవలెను. పెట్రోలులోని శక్తిలో సుమారు నాలుగవ వంతే చక్రములకు చేరునని లెక్క వేసినచో, ఆ మోతకే లీటరుంబావు పైచిలుకు కావలెను. మిగిలిన అదనము మలుపులకును, చిన్న గేర్లకును చెల్లినది.

మఱునాడు తిరుగు ప్రయాణమున మా మఱది, “వదినా, దిగడానికి పెట్రోలెందుకు? ఇంజను ఆపేసి న్యూట్రల్లో వదిలితే బండి దానంతటదే దిగుతుంది. నా స్నేహితులందరూ అలాగే దిగుతారు” అనెను. వెనుక సీటులో పిల్లలిద్దఱు ఉండిరి.

ఈ మాట మా మఱది ఒక్కనిదే కాదు. ఎన్నియో కుటుంబముల బండ్లు ఇట్లే కొండలు దిగుచున్నవి. కావున దీనిని నెమ్మదిగా విచారింతము. ఇంజను ఆగినచో, బ్రేకునకు బలమిచ్చు వాయుశూన్యత రెండు మూడు త్రొక్కుడులతో తీరిపోవును. పిమ్మట పెడలు రాయివలె బిగియును. చక్రము త్రిప్పుటకు తోడ్పడు శక్తియు పోవును. ఇంజను నడచుచున్నను న్యూట్రలులో ఉన్నచో బండి భారమంతయు బ్రేకులపైననే పడును. అవి కాగి కాగి పట్టు విడుచును. ఇంత ఆపద కోర్చి పొందు లాభమేమి? 2000వ సంవత్సరము ప్రాంతమునుండి మన కార్లలో కార్బ్యురేటరు పోయి ఇంధనమును చిమ్ము పద్ధతి వచ్చినది. గేరులో ఉంచి ఆక్సిలరేటరుపై కాలు తీసివేసి దిగునపుడు చక్రములే ఇంజనును త్రిప్పును. యంత్రములోని కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపివేయును. న్యూట్రలులోనైతే ఇంజను ఆగిపోకుండుటకు గంటకు అర లీటరు మొదలు లీటరు వఱకు త్రాగుచునే యుండును. పొదుపనుకొన్నదే దుబారా అన్నమాట!

“బాబూ, గేరులోనే దిగుము. ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగవలెను. క్రింద లెక్క చూతము” అంటిమి. అతడు సమ్మతించెను. దిగునంతసేపును, అంకెల పలకపై తత్క్షణపు మైలేజీ పలుమాఱు గరిష్ఠపు అంకె చేరి నిలుచుట అతడే చూచెను. శృంగవరపుకోటలో మొదటి బంకుననే, ఆ యంత్రముననే నింపింపగా 2.6 లీటర్లు పట్టినవి. అనగా లీటరునకు 24.6 కిలోమీటర్లు. కనుమలోని ఎగుడులకును, అడుగున నున్న చదును రోడ్డునకును అయిన ఖర్చు అది. ఇంజను ఆపి దిగినను మిగులునది ఏ కొన్ని పదుల రూపాయలో! ఐదు ప్రాణములను ఆ తక్కెడలో పెట్టుటకు ఏ తల్లి ఒప్పుకొనును?

ఇచట లెక్కలో ఒక మెలిక కలదు. ఎక్కునపుడు 12.8, దిగునపుడు 24.6, రెండింటిని కూడి సగము చేసి 18.7 అనరాదు. మొత్తము 128 కిలోమీటర్లకు 7.6 లీటర్లు, సరియైన జవాబు 16.8. దూరమును దూరముతోను, ఇంధనమును ఇంధనముతోను కూడి పిమ్మటనే భాగింపవలెను. మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెనిగించిన భాషలో మనము ఈపాటి లెక్కకు వెఱవవచ్చునా? మఱియు, గొట్టము ఆగుటలో ఒక్కొక్కమాఱు కొంత హెచ్చుతగ్గు కలుగును. రెండు మూడు లీటర్ల లెక్కలో అది పెద్ద తప్పు. ముప్పది లీటర్ల లెక్కలో స్వల్పము. కావున ఒక్క నింపుడును బట్టి తీర్పు చెప్పక, నాలుగైదు నింపుళ్ల మొత్తమును చూడవలెను. పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపినపుడు లీటరులోని శక్తి నూటికి ఆఱేడు పాళ్లు తగ్గుననియు గుర్తుంచుకొనవలెను. అమ్మువారు చెప్పు మైలేజీ పరీక్షాశాలలోనిది. మన త్రోవది వేఱు.

కారునకు దారిలో ఇంధనము కొని పోయించిన కీర్తి మొదట ఒక స్త్రీకే దక్కినది. 1888వ సంవత్సరము ఆగస్టులో, కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ ఇద్దఱు కుమారులతో జర్మనీలోని మన్‌హైము నుండి ఫోర్జ్‌హైములోని పుట్టినింటికి, నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము, భర్త నిర్మించిన బండిపై పోయెను. నడుమ వీస్‌లోహ్ అను ఊరి మందుల అంగడిలో లిగ్రోయిన్ అను ద్రవము కొని పోయించెను. పల్లములు దిగునపుడు చెక్క బ్రేకులు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెనని చెప్పుదురు. ఇంధనమెంత ముఖ్యమో, దిగునపుడు పట్టు అంత ముఖ్యమని ఆమె ఎఱిగియుండెను.

బండిలో ఒక చిన్న పుస్తకము ఉంచి తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, చక్రములలోని గాలి ఎంతయో వ్రాయుచుండుడు. మైలేజీ హఠాత్తుగా తగ్గినచో గాలి తగ్గినదో, బ్రేకు పట్టుకొని యున్నదో ఆ పుస్తకమే ముందుగా చెప్పును. బండి నడుపువారు మగవారైనను, లెక్క వ్రాయు చేయి మనదే కావచ్చును. కొండ దిగునపుడు “గేరు తీయవద్దు” అని చెప్పు నోరును మనదే కావలెను.