తమ్ముడి కాళ్ళు

ఫిబ్రవరి 9, 2022
నాన్నకి నైట్ షిఫ్ట్. అన్నం తింటూ తింటూ తమ్ముడి మెడ ఎడమ పక్కకి తిరిగిపోయి అలాగే బిగుసుకుపోయింది. కళ్ళు పైకెక్కాయి, నాలుక మందంగా బయటికొచ్చింది. మాట్లాడబోతే గొంతులో గుర్రుమనే శబ్దం. అమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు, ఉప్పు పట్టుకొచ్చింది. నేను పక్క క్వార్టర్ అన్నయ్యని లేపి కారు తీయించాను. క్యాజువాలిటీలో ప్రోమెథజిన్ సూది వేశారు. అరగంటకల్లా మెడ దారికొచ్చింది, వాడు మంచినీళ్ళడిగాడు.

లేని మాటలు వినిపించే జబ్బుకి వాడికి హాలోపెరిడాల్ మొదలెట్టి ఇంకా వారం కాలేదు. ఈ మందు వల్ల ఇలా బిగుసుకుపోవడాన్ని డిస్టోనియా అంటారనీ, కుర్రవాళ్ళకి మొదటి రోజుల్లోనే ఎక్కువగా వస్తుందనీ డాక్టరు గారు చెప్పారు. గొంతు కండరాలు బిగిస్తే ఊపిరి ఆడదు కాబట్టి, ఈసారి ఇలా అయితే ఒక్క నిమిషం ఆగకుండా రమ్మన్నారు.

ఫిబ్రవరి 27
రాత్రంతా నడుస్తూనే ఉన్నాడు. వరండాలోంచి వంటింటికి, వంటింట్లోంచి వరండాకి. కూర్చోబెడితే మోకాళ్ళు ఊగుతాయి, పడుకోబెడితే పాదాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. నాన్నకి భయం పట్టుకుంది. "రోగం ముదిరింది, డోసు పెంచమందాం" అన్నాడు.

నేను వాడినే అడిగాను, మళ్ళీ మాటలు వినిపిస్తున్నాయా అని. "లేదక్కా. అవి తగ్గాయి. లోపల్నించి ఎవరో తరుముతున్నట్టుంది, అంతే. కాళ్ళు ఊరుకోవట్లేదు." అంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

ఫిబ్రవరి 28
నిన్న వాడన్న మాట అన్నట్టే డాక్టరు గారికి చెప్పాను. ఆ అలజడి పేరు అకథీసియా. మందు వల్ల వచ్చేదే. జబ్బు పెరిగిందనుకుని డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. ఆయన డోసు తగ్గించి, ప్రొప్రనలాల్ చిన్న మాత్ర రాశారు. రాసే ముందు ఆస్తమా ఉందా అని అడిగి, నాడి, బీపీ చూశారు. ఆ తర్వాత వాడి వైపు తిరిగి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగారు. ఈ అలజడి భరించలేక కొందరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారట. వాడు కాసేపు ఆగి "ఒకసారి అనిపించింది" అన్నాడు. అడక్కపోతే మాకెప్పటికీ తెలిసేది కాదు.

ఏప్రిల్ 3
నిన్న ఉగాది. సెక్టర్ 5 బాలాజీ గుడిలో సగం భిలాయి తెలుగువాళ్ళున్నారు. శ్రీకాకుళం నించి వచ్చిన అత్తయ్య "మీవాడికి పొగరెక్కిందేంటి, పలకరిస్తే నవ్వడేం" అంది. పొగరు కాదత్తా. మందు మార్చి రిస్పెరిడోన్ ఇచ్చాక మొహంలో కదలిక పోయింది. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగదు.

సుపేలాలో బాబాయి హార్డ్‌వేర్ కొట్లో వాడు రాసే ఖాతా పుస్తకం తెప్పించి చూశాను. జనవరిలో ఒక్కో అంకె గీతకి గీత తాకేంత ఉంది. మార్చి చివరికి వచ్చేసరికి ఆవగింజలంత అయిపోయాయి, వరస కుడివైపు వెళ్ళేకొద్దీ ఇంకా చిన్నవి. ఈ పుస్తకం డాక్టరుకి చూపించాలి.

ఏప్రిల్ 6
చూపించాను. మెదడులో డోపమైన్‌ని మందు అడ్డుకోవడం వల్ల పార్కిన్సన్ జబ్బులో కనిపించే లక్షణాలే వస్తాయట. రిస్పెరిడోన్ కొంచెం తగ్గించి, కొన్నాళ్ళు పాసిటేన్ అనే మాత్ర వాడమన్నారు.

మే 14
ఎండ మండిపోతోంది. పాసిటేన్ నోరు ఎండగడుతుంది, మలబద్ధకం తెస్తుంది, చెమట పట్టనివ్వదు. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. ఈ ఊళ్ళో మే నెలలో అది చిన్న సంగతి కాదు. ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర పని దొరికిందని వాడు సంబరపడ్డాడు. కోక్ అవెన్ల వేడి దగ్గర పని. ఈ వేసవికి వద్దని గట్టిగా చెప్పాను, అలిగాడు.

ఒళ్ళు కాలిపోతూ, కండరాలు కర్రల్లా బిగిసి, మాట తడబడితే వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టిస్తూ కూర్చోకూడదు. అరుదుగా ఈ మందులతో వచ్చే ప్రాణాపాయం కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఏదైనా సరే, వెంటనే ఆస్పత్రికే. అమ్మ చేత ఇది రెండుసార్లు చెప్పించుకున్నాను.

జులై 20
ఓపీ బెంచీ మీద మా పక్కన ఒక పెద్దావిడ. నోట్లో ఏమీ లేకపోయినా నములుతూనే ఉంది, పెదాలు ముడిచి విప్పుతోంది, నాలుక బయటికొచ్చి లోపలికి పోతోంది. ఏళ్ళ తరబడి ఇలాంటి మందులు వాడిన కొందరికి వచ్చే టార్డివ్ డిస్కైనీషియా. దానికి పాసిటేన్ పనిచేయదు, పైగా పెంచొచ్చు. టెట్రాబెనజీన్ ఇస్తారు. 2017లో అమెరికా దాని తర్వాతి తరం మందులు రెండింటికి అనుమతి ఇచ్చింది.

టెట్రాబెనజీన్ పుట్టుక మన సర్పగంధి వేరుతో ముడిపడి ఉంది. 1931లోనే కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తుందని రాశారు. దాంట్లోంచి తీసిన రిసర్పిన్‌లాంటి మందు కోసం 1950లలో వెతుకుతుంటే దొరికింది టెట్రాబెనజీన్. ఇది విని ఎదురింటావిడ బస్తర్ వైపు నించి ఆ వేరే తెప్పిస్తానంది. వద్దన్నాను. రిసర్పిన్ రక్తపోటు పడగొడుతుంది, మనసుని కుంగదీయొచ్చు కూడా. వాడికి ఆ రెండూ వద్దు.

ఆగస్టు 21
ఇప్పుడు వాడి కదలికల్ని నెలకోసారి చూస్తున్నాం. చెప్పులు విప్పి కుర్చీలో కూర్చుంటాడు, చేతులు మోకాళ్ళ మీద. నోరు తెరవడం, నాలుక చాపడం, బొటనవేలితో మిగతా వేళ్ళని తట్టడం, వరండాలో నడిచి వెనక్కి తిరగడం. 1976లో అమెరికాలో తయారుచేసిన పరీక్ష ఇది, డాక్టరు గారే నేర్పారు. ఈసారి కుడిచెయ్యి ఊగింది. కొట్లో అంకెలు మళ్ళీ పెద్దవయ్యాయి. పాసిటేన్ మెల్లగా తగ్గిద్దామన్నారు.

వచ్చే వారం నేను విశాఖ వెళ్ళిపోతున్నాను. నాన్నా, ఈ పుస్తకం నీకే వదిలి వెళ్తున్నాను. వాడి కాళ్ళు ఎలా ఉన్నాయో రోజూ వాణ్ణే అడుగు, వాడు చెప్పింది చెప్పినట్టే రాయి. మాత్ర నువ్వు పెంచకు, నువ్వు ఆపకు. ఓపీకి వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం పట్టుకెళ్ళు.