పొద్దున ఆరున్నర అభిమానం

కర్నూలులో అభిమాని అంటే ఒంటరివాడు కాడు. వాడికొక సంఘం ఉంటుంది. సంఘానికి పట్టణ అధ్యక్షుడు ఉంటాడు. ఫ్లెక్సీలో హీరో మొహం ఎంత ఉంటే అధ్యక్షుని మొహమూ అంత ఉంటుంది. కొత్త సినిమా వచ్చిందంటే తెల్లవారుజామున బెనిఫిట్ షో, కటౌట్‌కు పాలాభిషేకం, తెర ముందు కాగితం ముక్కల వాన. ఇంకొకటి కూడా ఉంటుంది, పైకి ఎవరూ అనరు. ఫలానా హీరో అభిమానివి అనగానే నీ కులం ఫలానా అయి ఉంటుందని ఎదుటివాడు లోపల లెక్క వేసుకుంటాడు. లెక్క తప్పితే వాడికే కోపం వస్తుంది. కడపలోనూ ఇంతే. ఫ్లెక్సీ కొలతల్లో కొంచెం తేడా ఉంటుందేమో.

నా అభిమానానికి ఇవేవీ లేవు. నేను శాన్ ఆంటోనియో స్పర్స్ మనిషిని. అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి దక్షిణాన ఉన్న ఒక ఊరి బాస్కెట్‌బాల్ జట్టు అది. ఆ ఊరు నేను చూడలేదు, చూస్తానన్న ఆశా పెద్దగా లేదు. అక్కడ నాకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. నేనొకణ్ణి ఇక్కడ ఉన్నానని ఆ జట్టుకు తెలియదు. తెలిసినా చేసేదేమీ లేదు.

ఇది ఎట్లా అంటుకుందో చెప్పాలంటే సినిమాతోనే మొదలుపెట్టాలి. 1999 జనవరిలో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. ఆ తరవాత కొన్నేళ్లపాటు తెలుగు సినిమాకు సీమ తప్ప వేరే చోటు దొరకలేదు. సుమోలు గాల్లోకి లేచాయి, హీరోలు తొడలు కొట్టారు, కొండారెడ్డి బురుజు కింద కత్తులు తిరిగాయి. రైల్లో ఎదుటి సీటాయన ‘మీదే ఊరు’ అని అడిగి, కడప జిల్లా అనగానే చాపిన కాళ్లు ముడుచుకునేవాడు. మేమేమో జొన్నరొట్టె తిని ట్యూషన్‌కు పోయే పిల్లోళ్లం. మా ఊళ్లో ఎవరూ ఎవరికీ తొడ కొట్టగా నేను చూడలేదు. బోరులో నీళ్లు పడలేదని తలకాయ కొట్టుకోవడం మాత్రం చాలాసార్లు చూశాను.

అదే ఏడాది జూన్‌లో కేబుల్ టీవీలో టిమ్ డంకన్ కనిపించాడు. దాదాపు ఏడడుగుల మనిషి. బంతిని నేరుగా రింగులో వేయడు. వెనకున్న గాజు పలక మీద ఒక మూల చూసుకొని అక్కడ తగిలిస్తాడు. అది వంగి వచ్చి వలలో పడుతుంది. పడ్డాక అరవడు, ఛాతీ బాదుకోడు. పని అయిపోయిన గుమాస్తా మాదిరి వెనక్కి తిరిగి తన చోటికి పోతాడు. స్పర్స్ ఆ ఏడాది న్యూయార్క్ నిక్స్‌ను 4-1తో ఓడించి మొదటి టైటిల్ గెలిచింది. అప్పుడు కూడా ఆయన మొహంలో పెద్ద మార్పు లేదు. తొడకొట్టని హీరో ఒకడు ఈ లోకంలో ఉన్నాడని నాకు ఆ పొద్దున తెలిసింది. మాకు అంటగట్టిన బొమ్మకు ఆయన సరిగ్గా ఎదురు బొమ్మ. నా అభిమానానికి అసలు కారణం అదే. ఆట తరవాత నేర్చుకున్నాను.

డంకన్ కథ తరవాత చదివి తెలుసుకున్నాను. వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ క్రోయి దీవి ఆయనది. చిన్నప్పుడు ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను వచ్చి అక్కడి ఈతకొలనును ధ్వంసం చేస్తే, ఆ తరవాత బంతి పట్టుకున్నాడు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1997లో మొదటి పేరు ఆయనదే. పంతొమ్మిది సీజన్లు ఒక్క జట్టుకే ఆడాడు, అయిదు టైటిళ్లు తెచ్చాడు. ఇంత నెమ్మది మనిషిని 2007 ఏప్రిల్‌లో డల్లాస్ మీద మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చొని నవ్వుతున్నాడని రిఫరీ బయటికి పంపాడు! తరవాత ఆ రిఫరీనే సస్పెండ్ చేశారు. ఆయన నవ్వడమే వార్త అయిందంటే అర్థం చేసుకోండి.

మాది ఎర్రగుంట్ల వైపు. నాపరాళ్ల గనుల మధ్య పెరిగాను. బొంబాయి వంటిళ్లలో పొయ్యి గట్టుకు వేసే కడప బండ మా నేల నుంచి పోయేదే. పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయిని ఉలి పెట్టి కొట్టి, గడ్డపారతో లేపుతారు. శాన్ ఆంటోనియో కూడా సున్నపురాతి నేల మీదే ఉందని, ఆ రాతి పొరల్లో ఊరే నీళ్లే ఆ ఊరు శతాబ్దాలుగా తాగిందని చదివినప్పుడు నాకు చుట్టరికం కలిసినట్టయింది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో ఒక రాళ్లు కొట్టేవాని గురించిన మాట రాయించి పెట్టాడు. డెన్మార్క్ నుంచి అమెరికాకు వలస వచ్చిన జేకబ్ రీస్ అనే పాత్రికేయునిది ఆ మాట. రాయి పగిలినప్పుడు పేరంతా ఆఖరు దెబ్బకే కట్టబెట్టొద్దు, ముందు పడిన దెబ్బలనూ లెక్కలో పెట్టుకోమని దాని సారం. జట్టులో ఎన్ని దేశాల వాళ్లుంటే అన్ని భాషల్లోకి దాన్ని తర్జుమా చేయించాడట. అర్జెంటీనా నుంచి మాను జినోబిలీ, ఫ్రాన్స్ నుంచి టోనీ పార్కర్, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో చదువుకున్నారు. తెలుగులో లేదు. ఎర్రగుంట్లలో దాన్ని గోడకు రాసుకోవాల్సిన పనీ లేదు.

ఇంకొక చుట్టరికం ఫిబ్రవరిలో కనిపిస్తుంది. ఏటా ఆ నెలలో శాన్ ఆంటోనియోలో పెద్ద పశువుల ప్రదర్శన, రోడియో జరుగుతాయి. అవి జరిగేది స్పర్స్ ఆడే స్టేడియంలోనే. కాబట్టి జట్టు మూటాముల్లె సర్దుకొని వారాల తరబడి పరాయి ఊళ్లు తిరుగుతూ ఆడుతుంది. ప్రపంచంలో ఇంత పేరున్న జట్టు ఎద్దుల కోసం ఇల్లు ఖాళీ చేయడం ఇంకెక్కడైనా ఉందా? తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు ఊరంతా కదిలే సీమవానికి దీనిలో వింతేమీ కనిపించదు. ఎద్దులకు ఇవ్వాల్సిన మర్యాదే అది.

దూరపు అభిమానికి మొదటి శత్రువు ప్రత్యర్థి జట్టు కాదు, గడియారం. చలికాలంలో అక్కడ రాత్రి ఏడు గంటల మ్యాచ్ మనకు పొద్దున ఆరున్నరకు. పాలు కాగే వేళ, మోటారు వేసే వేళ, పిల్లలను బడికి తయారుచేసే వేళ. మార్చిలో వాళ్లు గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. ఆ రోజు నుంచి అదే మ్యాచ్ మనకు అయిదున్నరకు. పగటి వెలుతురు మిగుల్చుకోవడానికి అట్లా చేస్తారట. వెలుతురు ఎక్కువై సచ్చే మాకు ఈ ఏర్పాటు ఎన్నటికీ అర్థం కాదు.

2013 జూన్ 19 పొద్దున మయామి హీట్‌తో ఫైనల్స్ ఆరో ఆట. అప్పటికి 3-2తో మేమే పైన. ఇంకా 28 సెకన్లు ఉన్నాయనగా అయిదు పాయింట్ల ఆధిక్యం. కప్పు ఇవ్వడానికి మైదానం చుట్టూ పసుపు తాడు కట్టడం కూడా మొదలైంది. మా అమ్మను పిలిచి చూడమన్నాను. లెబ్రాన్ జేమ్స్ ఒక మూడు పాయింట్ల బంతి వేశాడు. మావాడు రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి వదిలేశాడు. చివర రే అలెన్ మూలకు వెనక్కి జరిగి వేసిన బంతి 5.2 సెకన్లు మిగిలి ఉండగా వలలో పడింది. ఆట ఓవర్‌టైమ్‌కు పోయి 103-100తో ముగిసింది. ఆ క్షణంలో డంకన్‌ను బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టావని పోపోవిచ్‌తో నేను ఈ రోజుకూ వాదిస్తూనే ఉన్నాను, ఆయనకు తెలియకుండా. ఏడో ఆటా పోయింది.

ఆ రోజు కాలేజీకి పోతే తోటి లెక్చరర్ “ఏం సార్, ఒంట్లో బాగలేదా?” అన్నాడు. ఏం చెప్పాలి? క్రికెట్ ఓడితే ఊరంతా పలకరింపులే. హీరో సినిమా పోతే వారం రోజులు ఓదార్పు. నా దుఃఖానికి పరామర్శ లేదు. తలనొప్పి అని చెప్పి క్లాసుకు పోయాను.

మరుసటి జూన్‌లో అదే మయామితో మళ్లీ ఫైనల్స్. మొదటి ఆట శాన్ ఆంటోనియోలో. స్టేడియంలో ఏసీ చెడిపోయింది. లోపల వేడి 90 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిందని వ్యాఖ్యాతలు గోల పెట్టారు. అంటే మన లెక్కలో 32 చిల్లర. జూన్ నెల కర్నూలులో ఫ్యాను కింద కూర్చొని వింటుంటే అదేదో హిల్ స్టేషన్ సంగతి చెబుతున్నట్టు ఉంది. లెబ్రాన్‌కు కాళ్లు పట్టేశాయి, మోసుకొని బయటికి తీసుకుపోయారు. మా అమ్మ ఊరుకోలేదు. “ఆ పిల్లోనికి ఉప్పేసి రోంత మజ్జిగియ్యకూడదా?” అంది. ఆమెకు జట్ల తేడా లేదు. స్పర్స్ ఆ ఆట 110-95తో, ఫైనల్స్ 4-1తో గెలిచింది. జూన్ 16 పొద్దున గెలిచి, పాలకోవా పట్టుకొని కాలేజీకి పోయాను. రాష్ట్రం విడిపోయి రెండు వారాలయింది. 1953లో దక్కి 1956లో పోయిన రాజధాని మళ్లీ కర్నూలుకు వస్తుందా అని స్టాఫ్ రూమ్‌లో అదే చర్చ. కోవా చూసి “ఖాయమైపోయిందా సార్?” అన్నారు. రాజధాని రాలేదు. కోవా మాత్రం అందరూ తిన్నారు.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది అక్కడి జట్టు మావెరిక్స్ పక్షం. “బావా, నువ్వు పుట్టి బుద్ధెరిగి టెక్సస్ మొహం చూడలేదు, నీకెందుకు చెప్పు స్పర్స్?” అంటాడు. స్పర్స్ 1967లో పుట్టింది డల్లాస్‌లోనే, చాపరాల్స్ అనే పేరుతో. అక్కడ ఆదరణ లేక 1973లో శాన్ ఆంటోనియోకు పోయింది. ఆ మాట అంటే వాడు ఫోన్లో సిగ్నల్ లేదంటాడు. మన దగ్గర జట్టు లేదా అని అడిగేవాళ్లున్నారు. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై ఉండేది. ఆ లీగ్ 2017 తరవాత సాగలేదు.

తరవాత గడ్డు రోజులు వచ్చాయి. 1998 నుంచి 2019 వరకు ఒక్క ఏడాదీ తప్పకుండా ప్లేఆఫ్స్‌కు పోయిన జట్టు, 2022-23లో 82 ఆటల్లో 60 ఓడింది. ఆ మరుసటి ఏడాది విక్టర్ వెంబన్యామా అనే ఫ్రెంచి కుర్రవాడు వచ్చాడు, ఏడడుగుల పైన ఇంకా ఎన్ని అంగుళాలో. అప్పుడూ సరిగ్గా 60 ఓడింది. పోపోవిచ్ 2025 మేలో కోచ్ పని వదిలాడు. ఇన్ని ఓటములు పొద్దున్నే చూడటమెందుకని ఇంట్లో అడిగితే చెప్పేదొకటే. గెలిచినప్పుడు నాకేమీ ఇవ్వలేదు కనుక, ఓడినప్పుడు నా దగ్గరనుంచి తీసుకుపోయేదీ ఏమీ లేదు. నా కులమేదో, నేనెవరి మనిషినో అడగకుండా ఇన్నేళ్లు నన్ను తనతో ఉంచుకున్నది ఈ ఒక్క అభిమానమే. వేరేచోట్ల ఎక్కడికి పోయినా ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

కర్నూలులోనో కడపలోనో స్పర్స్ ఆట చూసేవాళ్లు ఇంకెవరైనా ఉంటే అక్టోబరు ఆఖరులో సీజన్ మొదలైనాక మా ఇంటికి రండి. ఉగ్గాని, బజ్జీ సిద్ధంగా ఉంటాయి. సంఘం మాత్రం పెట్టొద్దు.