సున్న పొట్టలో చుక్క

అక్షరాలకి కూడా ముఖకవళికలు వుంటాయంటే నమ్మనివాళ్ళు ఓసారి పెళ్ళి శుభలేఖనీ, కరెంటు బిల్లునీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ వున్నవి అవే అక్షరాలు. అయినా ఒకటి నవ్వుతూ పిలుస్తుంది, రెండోది మొహం ముడుచుకుని బాకీ అడుగుతుంది. ఈ ముఖకవళికల్నే కంప్యూటరువాళ్ళు ఫాంటు అంటారు.

నవలలు రాసుకునేదానికి ఫాంటుల గొడవ ఎందుకూ అంటారేమో! నిజమే. నేను చదివింది ఉత్త బి.ఏ. నా నవల ఏ ఫాంటులో అచ్చేసినా అందులో నాయిక కష్టాలు తీరవు. కానీ ప్రోగ్రాములు రాసేవాళ్ళ సంగతి అలా కాదు. ఒక అక్షరం మరో అక్షరంలా కనబడిందంటే వాళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది. మా తోటికోడలి పుణ్యమా అని ఈ సంగతి నాకు తెలిసింది.

తనకి 43 ఏళ్ళు. పిల్లల కోసం మానేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ చేరింది. ఇంట్లోంచే పని. పొద్దస్తమానం తెర ముందే. ఇంతలో చత్వారం వచ్చి పడింది. సాయంత్రమయ్యేసరికి కణతలు నొక్కుకుంటూ కూర్చునేది. ఓ రాత్రి ఒకటి అంకె వుండాల్సిన చోట ఇంగ్లీషు చిన్న ఎల్ పడిందట. అది పట్టుకునేసరికి మూడు గంటలు.

"మానేస్తాను అక్కయ్యా. పాతికేళ్ళ పిల్లలతో ఇంక నేనేం పోటీ పడతాను? నా బుర్ర పనిచెయ్యడం లేదు" అంది.

"బుర్రకేమయిందమ్మా, నిక్షేపంలా వుంది. కళ్ళ సంగతి చూడు ముందు" అన్నాను.

ఆ ఎల్‌కీ ఒకటికీ వున్న చుట్టరికం ఈనాటిది కాదు. ఇంటర్ సెలవుల్లో టైపు నేర్చుకున్నవాళ్ళకి గుర్తుండే వుంటుంది. పాత మిషన్లలో చాలావాటికి ఒకటి అంకెకి మీటే వుండేది కాదు. చిన్న ఎల్ కొట్టి సరిపెట్టుకోమనేవారు. చదివేది మనిషి కనక అర్థం చేసుకుని సర్దుకుపోయేవాడు. కంప్యూటరు మాత్రం సర్దుకుపోవడం ఎరగదు.

టైపుమిషన్ ఇచ్చిన ఆస్తి ఇంకోటి కూడా వుంది. ఏ మీట నొక్కినా కాగితం ఒకే దూరం జరుగుతుంది. పుల్లలాంటి ఐకీ, బొద్దుగా వుండే డబ్ల్యూకీ ఒకే వెడల్పు గడి. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు అన్నీ సమానదూరం. ఇలాంటివాటిని మోనోస్పేస్ ఫాంటులంటారు. 1950ల నడిమిలో ఐ.బి.ఎం. కంపెనీ టైపుమిషన్ల కోసం చేసిన కొరియర్ ఈ వంశంలో పెద్దావిడ.

టైపుమిషన్లు అటకెక్కాక కూడా ప్రోగ్రాములవాళ్ళు ఈ గళ్ళని ఎందుకు వదల్లేదూ అంటే, చాకలిపద్దు రాసేటప్పుడు మనం అంకె కింద అంకె ఎందుకు వేస్తామో అందుకే. టెర్మినల్ అనే ఆ నల్ల కిటికీలో దస్త్రాల పేర్లూ, తేదీలూ, సైజులూ వరసగా పడతాయి. గడి తప్పితే ఏది దేనిదో తెలియదు. పైథాన్ అనే భాషలోనయితే లైను మొదట వదిలిన ఖాళీకి కూడా అర్థం వుంది. ఖాళీ ఒకటి ఎక్కువైతే ప్రోగ్రాము మొరాయిస్తుంది.

కొన్ని ఆచారాలు మాత్రం తద్దినం నాడు పిల్లిని బుట్ట కింద మూసిన కథలాంటివి. లైనుకి 80 అక్షరాలే వుండాలని నేటికీ కొందరికి పట్టింపు. దాని మూలం 1928లో వచ్చిన ఐ.బి.ఎం. చిల్లుల కార్డు! అందులో 80 నిలువు వరసలుండేవి. కార్డులు పోయాయి, లెక్క మిగిలింది.

సరే, ఒకనాటి ఆదివారం ఫాంటుల బేరానికి కూర్చున్నాం. బేరమంటే డబ్బు పెట్టాల్సింది కాదు లెండి, మంచివి చాలావరకు ఉచితమే. చీరలు చూసినట్టే చూశాం. కొట్లో లైటు కింద మెరిసిన చీర వాకిట్లోకి తెస్తే వెలవెలబోతుంది కదూ! అందుకని నమూనా వాక్యాలు పక్కన పెట్టి, తన సొంత ప్రోగ్రామునే ఒక్కో ఫాంటులో తెరిచింది.

ముందుగా ఒక లైనులో పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి. ఇంకో లైనులో పెద్ద ఓ, సున్న. ఆ తర్వాత మూడు రకాల బ్రాకెట్లు, కామా, చుక్క. కళ్ళు చికిలించకుండా ఏది ఏదో చెప్పగలగాలి. కొరియర్ న్యూ తెర మీద మరీ పీలగా వుంది. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన కన్సోలస్ ముచ్చటగా వుంది. సున్నకి అడ్డంగా ఏటవాలు గీత వుంది కూడా. సోర్స్ కోడ్ ప్రోలో గీతకి బదులు సున్న పొట్టలో చుక్క. ధ వేరు, థ వేరు అని తెలియడానికి మనవాళ్ళు పొట్టలో చుక్క పెట్టలేదూ, అలాగన్నమాట! ఫైరా కోడ్ రెండు మూడు గుర్తుల్ని కలిపి ఒకే గుర్తుగా చూపిస్తుంది. చూడ్డానికి బావుంది గానీ, "కొట్టింది ఒకటి, కనబడేది ఒకటీనా? నాకొద్దు" అంది తను.

చివరికి 2020లో వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనో దగ్గర ఆగింది. అందులో చిన్నబడి అక్షరాలు కాస్త పొడుగ్గా వుంటాయి. సైజు 16కి పెంచి, లైనుకీ లైనుకీ మధ్య గాలాడేలా ఎడం పెట్టుకుంది. పైవారం కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి, తెర దూరానికి సరిపోయే అద్దాలు విడిగా రాయించుకుంది. ఆ రెండూ కలిశాక కణతలు నొక్కుకోవడం బాగా తగ్గింది. రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను ఆలోచించేది అదే. వంటగట్టు ఎత్తు మనకి సరిపోకపోతే నడుమునొప్పి మన ఖర్మ అనుకుంటాం. అక్షరం సన్నమైతే బుర్ర మందగించిందనుకుంటాం. ముందు గట్టు సంగతి, అక్షరం సంగతి చూసుకుంటే ఎంతమంది ఉద్యోగాలు నిలిచేవో!

ఇంతకీ ఆ టెర్మినల్లో తెలుగు ఎలా వుంటుందో చూద్దామని తనచేత ఒక మాట కొట్టించాను. సకారం, తకారం, రేఫ, పైన గుడిదీర్ఘం, అన్నీ ఒకదాని మీద ఒకటెక్కి, ఎంచిన గళ్ళలో ఇమడక చిందరవందరగా పడ్డాయి. ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆ మాట ఏమిటంటారా? స్త్రీ.