కాంటా ఆగితే తిండి మానకండి



పోలీసు ఉద్యోగానికి తయారయ్యే మనకు బరువంటే అందం ముచ్చట కాదు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. ఒంటి మీద ఎక్కువున్న ప్రతి కిలో మనతోపాటే ఉరుకుతది.

దమ్మాయిగూడ రూంలో మేం ముగ్గురం కేలరీలు రాసుకుంటూ తిన్నం. తలా 8 కిలోలు తగ్గినం. తర్వాత మూడు వారాలు కాంటా కదల్లే. తిండి అదే, లెక్క అదే. తండా నుంచి అమ్మలు "కడుపునిండా తినుండ్రి బిడ్డా" అన్నరు. దోస్తులేమో రాత్రి తిండే బంద్ పెట్టమన్నరు.

అసలు సంగతి వేరే. తేలికైన ఒంటికి ఖర్చు తక్కువ. కిలో తగ్గితే రోజుకు సుమారు 20 నుంచి 30 కేలరీల అవసరం తగ్గుతది. 8 కిలోలకు దగ్గర దగ్గర 200. పాత లెక్క పాత ఒంటిది.

అందుకే కొత్త బరువుకు లెక్క కట్టినం. పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలుంటయి. రోజుకు ఒక చెంచా తగ్గించినం. కండ కరగొద్దని పప్పు, గుడ్లు తగ్గించలే. అన్నం మాని రొట్టె తింటే చాలనుకోవద్దు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల బియ్యానికి 356 కేలరీలు, జొన్నలకు 334. తేడా కొంచెమే. ఈసీఐఎల్‌కు ఆటో మాని నడిచినం.

కాంటా మళ్లీ దిగింది, మెల్లగా. మీదీ ఆగితే ఆకలితో పండుకోకండి, లెక్క మార్చి చూడండి. కళ్లు తిరిగితే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.