ఆయనగారి భార్య పేరేమిటి?

బి.ఏ. రెండో సంవత్సరంలో మా చరిత్ర మేష్టారు పెరిక్లీసు పాఠం చెప్పిన రోజున క్లాసు క్లాసంతా ఏథెన్సు వెళ్ళిపోయింది. ఆయన గొంతు అలాంటిది. ప్నిక్స్ అనే గుట్టమీద పౌరులంతా కూచుని, యుద్ధమా సంధా అన్నది చేతులెత్తి తేల్చుకోవడం, అయిదువందల మంది కౌన్సిలుకి లాటరీ పద్ధతిన మనుషుల్ని తీయడం, బజారులో కబుర్లు చెప్పుకుంటూ నిలబడిపోయిన బద్ధకస్తుల్ని ఎర్రరంగు పూసిన తాడుతో సభకి తోలడం, అన్నీ కళ్ళకి కట్టించారు. "రాజు లేడు, ప్రజలే ప్రభువులు!" అని ఆయన బల్ల గుద్దితే మాకు ఒళ్ళు జలదరించింది.

ఆ జలదరింపులోనే కాబోలు, నేను లేచి నిలబడి, "పెరిక్లీసుగారి భార్య పేరేమిటండీ?" అని అడిగేశాను.

ఎందుకడిగానో ఇప్పటికీ తెలీదు. చిన్నప్పట్నుంచీ కథల పిచ్చి ఉన్నదాన్ని. ఆయన గుట్టెక్కి అంత గొప్పగా మాట్లాడుతుంటే ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారో అని నా మనసు అటు పోయి ఉంటుంది. వెనక బెంచీల్లో నవ్వులు. మేష్టారు కూడా నవ్వి, "అది పరీక్షలో రాదమ్మా, కూర్చో" అన్నారు.

నేను కూర్చున్నాను. నా ప్రశ్న మాత్రం నిలబడే ఉండిపోయింది.

పెళ్ళయి, పిల్లలు పుట్టి, నాలుగు నవలలు రాశాక ఓ మధ్యాహ్నం ప్లూటార్కు రాసిన పెరిక్లీసు జీవితచరిత్రకి ఇంగ్లీషు అనువాదం చేతికొచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి మరీ గబగబా పేజీలు తిప్పాను. దొరికింది! ఆవిడ పెరిక్లీసుకి దగ్గర చుట్టమేనట. అంతకుముందు హిప్పోనికస్ అనే మహా ధనవంతుడి ఇల్లాలు. ఆయనకి కాలియాస్ అనే కొడుకుని కన్నది. పెరిక్లీసుకి క్సాంథిపస్, పారలస్ అని ఇద్దర్ని కన్నది. తరవాత మొగుడికీ పెళ్ళానికీ పొసగక, ఆవిడ ఒప్పుకోలు మీదే పెరిక్లీసు ఆవిడని ఇంకొకాయనకిచ్చి పంపేశాడు. మొదటి మొగుడి పేరుంది. ముగ్గురు కొడుకుల పేర్లూ ఉన్నాయి. ఆవిడ పేరు లేదు. పాలు పొంగిపోయాయి.

ప్లూటార్కుని కాసేపు తిట్టుకున్నాను గానీ, పాపం ఆయన తప్పేం లేదు. ఆయన పెరిక్లీసు తరవాత సుమారు అయిదువందల ఏళ్ళకి రాశాడు. ఆ పేరు ఏథెన్సు వాళ్ళే మింగేశారు. పరువుగల ఇల్లాలి పేరు పరాయి మగవాళ్ళ ముందు ఎత్తడం వాళ్ళకి మర్యాద కాదు. కోర్టులో ఆస్తి తగాదా వచ్చినా సరే "ఫలానావారి భార్య", "ఫలానావారి కూతురు" అనే అనేవారు. నలుగురిలో పేరు పెట్టి చెప్పారంటే ఆవిడ చనిపోయి అయినా ఉండాలి, ఎదుటిపక్షం మనిషైనా కావాలి, లేదా పరువు పోయినదైనా కావాలి. అంటే బతికున్న ఆడదాన్ని పేరుతో చెప్పడమే ఓ తిట్టన్నమాట!

మా మేష్టారు మెచ్చుకున్న ప్రసంగంలోనే ఉంది ఈ సంగతి. క్రీ.పూ. 431 చలికాలంలో, యుద్ధంలో పోయినవాళ్ళ అంత్యక్రియల దగ్గర పెరిక్లీసు చేసిన ప్రసంగం అది. థూసిడిడీసు రాసిపెట్టాడు. ప్రజాపాలన గురించి ఎంతో ఎత్తుకి వెళ్ళి, చిట్టచివర మొగుళ్ళని పోగొట్టుకున్న ఆడవాళ్ళ వైపు తిరిగి ఓ ముక్క అన్నాడు. మంచికైనా చెడుకైనా మగవాళ్ళ నోళ్ళలో ఎంత తక్కువగా నానితే మీకంత కీర్తి, అని దాని సారాంశం. ఏడుస్తున్నవాళ్ళకి చెప్పవలసిన మాటేనా అది?

పోనీ, అన్నాయన ఇంట్లో ఉన్నదెవరు? అస్పాసియా. మిలీటస్ నుంచి వచ్చిన పై ఊరి మనిషి. ఆవిడ పేరు నానని నోరు లేదు. హాస్యనాటకాల వాళ్ళు ఆవిడ మీద పడి బతికారు. సోక్రటీసు స్నేహితుల్ని వెంటపెట్టుకుని ఆవిడ మాటలు వినడానికి వెళ్ళేవాడట. పెరిక్లీసు రోజూ బయటికి వెళ్ళేటప్పుడూ, తిరిగొచ్చాకా ఆవిడని ముద్దు పెట్టుకునేవాడని కూడా ప్లూటార్కు రాశాడు. (ఈ వాక్యం మావారికి చదివి వినిపించాను. పేపరు కాస్త పైకెత్తి అడ్డం పెట్టుకున్నారు.)

అసలు చిక్కు ఇక్కడుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు వాళ్ళయితేనే బిడ్డ పౌరుడవుతాడని క్రీ.పూ. 451లో చట్టం తెచ్చింది పెరిక్లీసే. చూశారా? ఏథెన్సు ఆడదానికి ఓటు లేదు, సభలో చోటు లేదు, ఒక మెడిమ్నస్ బార్లీ విలువ దాటిన బేరం తనంతట తాను చేసే హక్కు లేదు. మెడిమ్నస్ అంటే యాభై లీటర్ల పైచిలుకు కొలత, అంతే. కానీ పౌరుణ్ణి కనడానికి మాత్రం ఆవిడే కావాలి! ఆ లెక్కన అస్పాసియా కొడుకు పౌరుడు కాకుండా పోయాడు. క్రీ.పూ. 430లో ఊళ్ళో మహమ్మారి వచ్చిపడింది. పెద్ద కొడుకులిద్దరూ అందులోనే పోయారు. అప్పుడు ఆ ముసలాయన, తన చట్టాన్ని తన కోసం సడలించమని జనాన్ని బతిమాలుకున్నాడు. జనం జాలిపడ్డారు. పిల్లవాడికి పౌరసత్వమూ, తండ్రి పేరూ ఇచ్చారు. 429లో తండ్రి పోయాడు.

ఆ పిల్లవాడు పెద్దవాడై సేనానాయకుడయ్యాడు. క్రీ.పూ. 406లో అర్గినూసే దగ్గర సముద్రయుద్ధం గెలిచినవాళ్ళలో అతనొకడు. గెలిచారు గానీ, తుఫానులో మన నావికుల్ని కాపాడలేదంటూ చేతులెత్తే ఆ సభే ఆరుగురు నాయకుల ప్రాణాలు తీసింది. వాళ్ళలో ఇతనూ ఉన్నాడు. ఆనక జనం పశ్చాత్తాపపడ్డారట. ఇదీ పరీక్షలో రాదు కాబోలు, మా మేష్టారు చెప్పలేదు.

మిగతా ఇళ్ళ సంగతి తెలియాలంటే జెనొఫోను పుస్తకం ఒకటుంది, ఇంటి నిర్వహణ మీద. అందులో ఇస్కోమాకస్ అనే పెద్దమనిషి తన పెళ్ళాన్ని ఎలా తీర్చిదిద్దుకున్నాడో సోక్రటీసుకి వర్ణించి చెబుతాడు. కాపరానికొచ్చేనాటికి ఆ పిల్లకి పదిహేను నిండలేదు. వీలైనంత తక్కువ చూడాలి, తక్కువ వినాలి, తక్కువ అడగాలి అని పెంచారట. ఈయన గిన్నెలు ఎక్కడ, దుప్పట్లు ఎక్కడ సర్దాలో పాఠం చెప్పాడు. మొహానికి తెల్లపొడి, ఎర్రరంగు, ఎత్తు చెప్పులు వద్దన్నాడు. పిండి పిసుకు, బట్టలు దులుపు, అదే అందం అన్నాడు. జబ్బు పడ్డ బానిసలకి సేవ చెయ్యడం నీకు కష్టంగా ఉంటుందేమో అంటే, వాళ్ళు బాగుపడి మనమీద అభిమానం పెంచుకుంటే అంతకన్నా ఇష్టమైన పనేముంటుంది అందా పిల్ల. పుస్తకం మొత్తం మీద నాకు నచ్చిన మాట అదే. ఆ పిల్ల పేరు? మీరూ ఊహించే ఉంటారు.

వాళ్ళని అని ఏం లాభం లెండి. మా బామ్మని తాతయ్య "ఇదిగో" అనేవారు, నాన్నగారు "అమ్మా" అనేవారు, ఊళ్ళోవాళ్ళు "పెద్దింటావిడ" అనేవారు. ఆవిడా తాతయ్య పేరు నోటితో అనేది కాదు. ఓటర్ల లిస్టువాళ్ళు వచ్చి అడిగితే "ఏడుకొండలవాడి పేరే, నాయనా" అనేది. ఆ లిస్టులో ఆవిడ పేరూ ఉండే ఉంటుంది. ప్రతిసారీ వేలికి సిరాచుక్క పెట్టించుకుని గర్వంగా వచ్చేది కూడాను. నేనే ఎప్పుడూ అడగలేదు. ఆవిడ పోయాక, కర్మ చేయించే పురోహితుడు "గోత్రం? పేరు?" అంటే నాన్నగారు చెప్పారు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. నాతో అష్టాచెమ్మా ఆడి, నా జడలల్లిన మనిషి పేరు మొదటిసారి గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ఆ పేరు ఇక్కడ రాద్దామని కలం పెట్టి ఆగిపోయాను. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆవిడకి ఇష్టమో కాదో, అదీ అడగలేదుగా.

ఏథెన్సు మ్యూజియంలో ఓ సమాధి ఫలకం ఉంది. క్రీ.పూ. 400కి కాస్త అటూఇటూ చెక్కినది. నా దగ్గరున్నది బొమ్మే. కుర్చీలో ఓ ఇల్లాలు కూచుని, పెట్టెలోంచి నగ తీసి చూసుకుంటోంది. ఆ నగని చెక్కలేదట, రంగుతో వేశారట. రంగు ఎప్పుడో వెలిసిపోయింది. ఇప్పుడు ఆవిడ రెండువేళ్ళ మధ్యా ఏమీ లేదు, అయినా అలాగే చూస్తోంది. పైన పేరుంది. ప్రొక్సెనోస్ కూతురు హెగెసో అని. చనిపోయింది కనక పేరు చెప్పచ్చు.

ఎదురుగా పెట్టె పట్టుకుని పనిమనిషి నిలబడి ఉంది. ఆ పిల్ల తల పైన ఏమైనా రాసి ఉందేమోనని భూతద్దం పెట్టి చూశాను. ఏమీ లేదు.